నోట్సులో లేని లైను

సరైన నిరూపణకు నాకు సున్నా వేశారు. తప్పు నిరూపణకు తరగతిలో మిగిలిన అందరికీ పూర్తి మార్కులు వేశారు.

డెబ్బైల నాటి మాట. పగలు పోర్టులో గుమస్తాని, ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టి రాసేవాణ్ణి. సాయంత్రం కాలేజీలో గణితం డిగ్రీ. హైస్కూల్లో లెక్కంటే జవాబు రాబట్టడం. డిగ్రీలో జవాబు ముందే చెప్పేసి, అదెందుకు నిజమో నిరూపించమంటారు. ఆ తేడాకే నేను మనసు పారేసుకున్నాను. షెడ్డులో చిత్తుకాగితాల వెనక నిరూపణలు రాసుకుంటుంటే పక్క గుమస్తా ఎకసెక్కమాడేవాడు: "ఏటి బావా, బస్తా బస్తాయేనని కూడా రుజువు సేత్తావేటి?"

వరసగా సాగే సంఖ్యలు ఒక సంఖ్యకు ఎంత కావాలంటే అంత దగ్గరగా చేరి అక్కడే ఉండిపోతే, అది వాటి అవధి. అవధి ఒక్కటే ఉంటుందని నిరూపించాలి. లెక్చరరు గారు పసుపెక్కిన నోట్సు చూసి చెప్పేవారు, మేం రాసుకునేవాళ్లం. రెండు అవధులున్నాయనుకోమన్నారు. ఎంత దగ్గరగా అన్నదానికి వాటి మధ్య దూరంలో సగాన్ని హద్దుగా తీసుకోవాలన్న లైను వదిలేసి, ఏకంగా వైరుధ్యం అన్నారు. ఆ హద్దు పెడితేనే ఒకే సంఖ్య రెండింటికీ అంత దగ్గరగా ఉండలేదని తేలుతుంది. ఆ లైను లేకుండా వైరుధ్యం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? లేచి అడిగితే కూర్చోమన్నారు.

ఫైనలు పరీక్షకు పేర్లు పంపేముందు కాలేజీ పెట్టిన పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. అందరూ ఆ లైను లేకుండానే అప్పజెప్పారు. నేను నాకు తోచిన దారిలో రాశాను: ఏ ధనసంఖ్య చెప్పినా ఆ రెండు అవధుల మధ్య దూరం దానికన్నా తక్కువే, కాబట్టి ఆ దూరం సున్నా. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు. ఆ ప్రశ్నతోనే తప్పాను. నా పేరు పంపలేదు. డిగ్రీ అక్కడితో సరి. తరవాత నేర్చుకున్నదంతా సొంతంగానే, గుమస్తాగానే.

అప్పట్లో ఆ పరీక్ష కాగితం పట్టుకుని ప్రిన్సిపాలు దగ్గరికి వెళితే లెక్చరరు గారినే అడగమన్నారు. ఆయన తీరిక లేదన్నారు. తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు, ఆ లైను ఏమిటో ఈనాటికీ తెలియనివాడు, ఉక్కునగరంలో లెక్కల మాస్టరయ్యాడు.

ఎనభైల్లో ఒక పొద్దున మద్దిలపాలెం బస్సు డిపోలో ఆ లెక్చరరు గారే కనిపించారు. రిటైరయ్యారు. నన్ను గుర్తుపట్టారు. నిలబడ్డచోటే అడిగాను, నా నిరూపణలో తప్పేమిటని. చేతిసంచి కింద పెట్టి, విసుక్కోకుండానే చెప్పారు:

"తప్పని నేనెప్పుడన్నానయ్యా? నోట్సులో ఆ లైను లేదని నాకూ తెలుసు, ఏటా అలాగే చెప్పాను. అందరివీ నోట్సుతో పోల్చి టిక్కు పెట్టేసేవాణ్ణి. నీదొక్కటే చదవాల్సొచ్చింది. చదవలేదు."