గ్లాసెడు పాలకు ఒక స్తోత్రం

మీరు పెట్టిన ముద్దకు మా చేత దండం పెట్టించుకోనిదే మీకు నిద్ర పట్టదు... అవును, మీతోనే అంటున్నాను. పండక్కి దుప్పట్లు పంచి, పుచ్చుకున్న ముసలామెను "ఇటు చూసి నవ్వమ్మా" అన్నవాళ్లతోనే.

మీలాంటి మంచివాళ్లను నేను చిన్నప్పుడే చూశాను.

యాభైల చివర... ఆళ్లగడ్డలో మా పేటకు ఆనుకుని రాతి గోడల చర్చి. తెల్లారేసరికి ఆ ఆవరణలో పొయ్యి మీద గంగాళం ఎక్కేది. ఓడల మీద వచ్చిన పాలపొడి నీళ్లలో కలిపి కాచేవాళ్లు. అడుగంటిన వాసన వీధి మొదటికే తగిలేది... ఖాళీ కడుపుకు అదీ కమ్మగానే ఉండేది. సత్తు గ్లాసులు పట్టుకుని పిల్లలం వరుస కట్టేవాళ్లం.

ఒకటి ఒప్పుకోవాలి. ఊళ్లో హోటలు వాడు మాకు గ్లాసు విడిగా పెట్టే కాలంలో, ఆ చర్చిలో ఎవరినీ కులం అడగలేదు. అందరికీ ఒకే గరిటె.

సంఘపెద్ద యేసురత్నం గారు దగ్గరుండి పోయించేవారు. పాలు అక్కడే తాగాలి. ఇంటికి తీసుకుపోకూడదు... తీసుకుపోతే హోటలుకు అమ్ముకుంటామట! తాగాక గ్లాసు బోర్లించి చూపించి "స్తోత్రం" అని గట్టిగా చెప్పాలి. అప్పుడే గేటు దాటనిచ్చేవారు.

ఆయన దుర్మార్గుడని తేల్చేస్తే నాకు సుఖమే. కానీ బడిలో మమ్మల్ని వరండాలో కూర్చోబెడితే, తహశీల్దారు దాకా పోయి గదిలోకి పంపించింది ఆయనే. కూలీని కొట్టిన ఆసామి గుమ్మం ముందు నిలబడి న్యాయం అడిగిందీ ఆయనే. అంత న్యాయం తెలిసిన మనిషికి మా ఇంట్లో చంటివాడి ఏడుపు వినపడలేదు.

మా తమ్ముడు నెలల పిల్లాడు. అమ్మకు జ్వరం తగిలి పాలు ఇంకిపోయాయి. సంఘపెద్దను బతిమాలింది.

"అప్పా, పిల్లోనికి పాలు ల్యావు. పాప చేతికి ఒక్క గ్లాసు ఇచ్చి పంపండి."

"ఇవి బడి పిల్లోళ్ల పాలమ్మే. చంటోళ్లకు ల్యావు."

"నీళ్లు తాపి పడుకోబెడతాండానప్పా..."

"నీకిస్తే రేపు పేటంతా చెంబులు ఎత్తుకొస్తాది. రూలంటే రూలే."

ఆ మర్నాటి నుంచి నేను ఆఖరి గుక్క మింగడం మానేశాను. బుగ్గల్లో పట్టుకుని, గోలలో కలిసి "ఊఁ" అని మూలిగి, గేటు దాటి ఇంటికి పరుగు... ఉగ్గుగిన్నెలోకి వదిలితే అమ్మ వాడికి పట్టేది. వాడు ఆ కాస్తా లాగేసి ఇంకా కావాలని పెదాలు చప్పరించేవాడు.

ఒకరోజు ఆయన నన్ను ఆపారు.

"ఏం పాపా, స్తోత్రం వినపడల్యా?"

తల ఊపాను.

"తల ఊపేదేందీ? నోటితో చెప్పు."

వెనకనుంచి ఎవడో అరిచాడు. "దాని నోట్లో కప్ప ఉండాది పెద్దాయనా! తెరిస్తే దూకుతాది!"

వరుసంతా నవ్వింది. ఆయన రెండు వేళ్లతో నా బుగ్గలు నొక్కారు. పాలు గడ్డం మీదుగా గౌను తడిపి మట్టిలో పడ్డాయి.

"దేవుని పాలు దొంగతనం చేస్తాండావా? ఎవురు నేర్పినారే? మీయమ్మనా?"

"తమ్మునికి..." అన్నాను.

నేను చూశాను... ఆయనకు అర్థమైంది. అర్థమయ్యాకే అన్నారు, "ఆదివారం మీయమ్మ అందరి ముందర ఒప్పుకోవాల. అందాకా మీ ఇంటికి పాలు ల్యావు" అని.

ఆదివారం అమ్మ తమ్ముణ్ని ఎత్తుకుని సంఘం ముందు నిలబడింది. తప్పయిందంది. అందరూ ఆమెన్ అన్నారు. వాళ్లలో మా చుట్టాలున్నారు, అమ్మతో కలుపు తీయడానికి పోయేవాళ్లున్నారు. ఒక్కరు లేచి, ఏం తప్పని అడగలేదు!

సోమవారం నాకు మళ్లీ పాలు పోశారు. పిల్లలందరికీ కొత్త నియమం కూడా వచ్చింది... తాగాక నోరు తెరిచి చూపించాలి.

తమ్ముడికి ఏడ్చే ఓపిక కూడా పోయాక, అమ్మ వాణ్ని తీసుకుని నంద్యాల ఆస్పత్రికి బస్సెక్కింది. నన్నూ వెంటబెట్టుకుంది. శిరివెళ్ల దాటకముందే వాడు పోయాడు. చెబితే కండక్టరు దించేస్తాడని, కొంగు కప్పి జోకొడుతూ కూర్చుంది. పక్క సీటామె "నిద్రపొయినాడా?" అంటే "ఊఁ, ఇప్పుడే" అంది.

పాతిపెట్టిన మర్నాడు సంఘపెద్ద మా గుడిసెకు వచ్చారు. చేతిలో పాలపొడి డబ్బా. ఇంటికి పంపకూడని పాలు... ఇంటికే! ప్రార్థన చేసి డబ్బా అమ్మ ముందు పెట్టారు.

అమ్మ లేచి నిలబడింది.

"స్తోత్రం ఈడనే చెప్పాల్నా అప్పా? చర్చికాడికొచ్చి చెప్పాల్నా?"

ఆయన తలొంచుకుని వెళ్లిపోయారు. అమ్మ ఆ డబ్బా తీసుకుపోయి వెనకింటి బాలింత గడప మీద పెట్టి, ఆమె ఏమైనా అనేలోపే తిరిగొచ్చేసింది.

ఇప్పుడు గంగాళాలు లేవు. చర్చీలు, గుళ్లు, మసీదులు, ట్రస్టులు, పార్టీలు కిట్లు పంచుతున్నాయి. సరుకు మారింది... పుచ్చుకునేవాడి నోటి మీద ఇచ్చేవాడి పెత్తనం చెక్కుచెదరలేదు. ఆకలి వేళ మీ చేత ఎవరు ఏం పలికించుకున్నారో కింద రాయండి. మీరు ఎవరి చేత పలికించుకున్నారో... దమ్ముంటే అదీ రాయండి. "అందరూ అలా ఉండరు" అని మాత్రం రాయకండి. ఆ సంఘంలో అందరూ మంచివాళ్లే.

నాకు కావాల్సినవి ఇవి:

ఆకలితో వచ్చినవాళ్లను స్తోత్రం అడగొద్దు.

ఫోటో తీయొద్దు.

ఇచ్చింది ఇంటికి పట్టుకుపోనివ్వండి. ఎవరి కడుపు ముందో ఆ ఇంటివాళ్లకు తెలుసు.

చంటిపిల్లలున్న ఇంటికి మీరే నడిచి వెళ్లండి.

పంచడానికి నియమాలు రాసే రోజున, పుచ్చుకునే తల్లులను కూడా పిలవండి. వాళ్లు వద్దన్న నియమం కొట్టేయండి.