అరచేతి వేడి

బీరు కార్ఖానాలో రుచి చూసే పెద్దాయనకు ఉద్యోగం ముక్కుతో, కోపం ముక్కు మీద. డబుల్ బాక్ అనే ఆ చిక్కటి, ఘాటైన జర్మన్ బీరును ఐసులా చల్లగా గటగటా తాగేసేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. గ్లాసును రెండు అరచేతుల మధ్య పొదిగినట్టు పట్టుకుని, కాస్త వెచ్చబడ్డాకే వాసన చూస్తాడు. అప్పుడే మొలకెత్తించి వేయించిన బార్లీ, అదే మాల్ట్, కాల్చిన రొట్టె అంచులా కమ్మగా పైకి లేస్తుందంటాడు. నిన్న లేవలేదు. ఏదో మందుల షాపు కంపు కొట్టింది. నెలల తరబడి చల్లగదిలో ఊరిన పీపా మొత్తం పారబోయించాడు.

ఈరోజు రెండో పీపాదీ అదే కంపు. "అసలు పీపాలు కడిగి చచ్చారా?" అంటూ గ్లాసును బల్ల మీద ఠపీమని పెట్టాడు. బీరు తయారుచేసే మేనకోడలు అదే పీపాలోంచి మరో గ్లాసు పట్టి వాసన చూసింది.

"బాగానే ఉంది కదా, మావయ్యా."

"నీ మొహం! ఇలా తే."

ఆమె గ్లాసు వదలకుండా తన చేత్తోనే ఆయన ముక్కు కింద పెట్టింది. కాల్చిన రొట్టె, మాడీ మాడని పంచదార. ఆయన మొహం వెలిగింది. అంతలోనే అరచేతులు మెల్లగా ముక్కు దగ్గరికి వెళ్లాయి. మొన్నటి నుంచీ పొద్దున్నే మోకాళ్లకు రుద్దుకుంటున్న నొప్పుల మందు గుప్పుమంది.

"మరి నిన్నటి పీపా, మావయ్యా..."

"ముందు దీనికి మూత బిగించు," అని కసిరాడు, చేతులు వెనక్కి దాచుకుంటూ.