నాన్న చెప్పిన దారి

నాకు దారులు గుర్తుండవు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వలేదు, ఎందుకంటే నేను చేసేది మ్యాపులు దిద్దే ఉద్యోగం. హైటెక్ సిటీలో తొమ్మిదో అంతస్తులో కూర్చుని, నేనెన్నడూ చూడని ఏదో యూరప్ ఊళ్లో ఏ వీధి వన్‌వేనో, ఏ మలుపు మూసేశారో సరిచేస్తుంటాను. సాయంత్రం కిందికి దిగాక మెట్రో స్టేషను ఎటో మాత్రం నాకు ఫోను చెప్పాలి. నవ్వుకుంటే నవ్వుకోండి.

నాన్న అలా కాదు. ఆయన ఆర్టీసీ డ్రైవరు. కాకినాడ నుంచి హైదరాబాదుకి ఏళ్ల తరబడి బస్సు నడిపాడు. సెలవులొస్తే నన్నూ ఎక్కించుకునేవాడు. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద దుప్పటి మడిచి వేస్తే అదే నా సీటు. వేడికి తొడలు కమిలేవి, అయినా దిగమంటే ఏడ్చేదాన్ని. ఒకసారి దసరా సెలవుల్లో సూర్యాపేట దాటాక వాగు పొంగి రోడ్డు మీదికొచ్చింది. ముందు బస్సులన్నీ ఆగిపోయాయి. నాన్న ప్యాంటు మడిచి దిగి, మేకలు తోలుకుపోతున్న ఒక ముసలాయనతో చాలాసేపు మాట్లాడి వచ్చి, బస్సుని ఊళ్లలోంచి తిప్పాడు. చెట్ల కొమ్మలు కిటికీలకు రాసుకుంటుంటే లోపల జనం తిట్టుకున్నారు, దండాలు పెట్టుకున్నారు. చీకటి పడకుండా అందరినీ దింపేశాడు. అంతకంటే పెద్ద సాహసయాత్ర నేను మళ్లీ చేయలేదు.

చేయలేదంటే, ఊళ్లు తిరగలేదని కాదు. ఉద్యోగం వచ్చాక ఒక్కదాన్నే హిమాచల్ వెళ్లాను, మేఘాలయ వెళ్లాను, ఫోను చేతిలో పెట్టుకుని ఎక్కడెక్కడో తిరిగాను. కొండ మీద నుంచి ఫోన్ చేస్తే అమ్మ తిన్నావా అని అడిగేది. నాన్న మాత్రం రోడ్డెలా ఉంది అనేవాడు. నేను మంచు గురించి చెబుతుంటే, మలుపుల్లో ఎదుటి బండి హారన్ కొడుతోందా లేదా అని ఆయన ఆరా.

నాన్న రిటైరయ్యాక అమ్మా, ఆయనా మియాపూర్‌లో నా అద్దె ఫ్లాటుకి వచ్చేశారు. అమ్మకి వారం తిరక్కుండానే పక్క ఫ్లాట్లవాళ్లతో పచ్చళ్లు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. నాన్నకి మాత్రం ఊపిరాడలేదు. అన్నేళ్లు హైదరాబాదు వచ్చి వెళ్లిన మనిషికి తెలిసింది ఆ హైవే, ఆ బస్టాండు, డ్రైవర్లు పడుకునే గది, అంతే. ఊరు కొత్తది. అందుకని రోజూ టిఫిను తిని సిటీ బస్సెక్కేవాడు. డ్రైవరు వెనక సీటులో కూర్చుని కొండాపూర్, లింగంపల్లి, మూసాపేట, ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోయి వచ్చేవాడు. రాత్రి అన్నాల దగ్గర కూర్చుని ఏ రోడ్డు బాగుందో, ఎక్కడ తవ్వుతున్నారో ఏకరువు పెట్టేవాడు.

"ఏంటి నాన్నా, రోజూ ఈ రిపోర్టు? నీకెవరైనా జీతమిస్తున్నారా?" అనేదాన్ని. ఆయన నవ్వేసేవాడు. నేను ఫోను చూసుకుంటూ ఊ కొట్టేదాన్ని. రోజంతా రోడ్లతో తల బొప్పి కట్టి ఇంటికొస్తే ఇక్కడా రోడ్లేనా అని విసుగు.

ఒకసారి ముగ్గురం క్యాబులో వెళ్తుంటే ఆయన డ్రైవరుకి దారి చెప్పబోయాడు. "ఇదేం నీ బస్సు కాదు నాన్నా, ఊరుకో. మ్యాప్ ఉంది కదా" అన్నాను. డ్రైవరు ఎదుటే అన్నాను. ఇంటికి చేరేదాకా నాన్న కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ శనివారం అమ్మ ఇంట్లో లేదు. పిన్నికి కంటి ఆపరేషనని రాజమండ్రి వెళ్లింది. పొద్దున్న తొమ్మిదింటికి నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. బనియను చెమటకి తడిసిపోయింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఎంతసేపటికి వస్తుందోనని భయపడి, రెండు నిమిషాల్లో వస్తానన్న క్యాబునే పిలిచాను. వెనక సీటులో ఆయన తల నా ఒళ్లో పెట్టుకున్నాను.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, జల్ది తీస్కపోత" అన్నాడు డ్రైవరు. యాభై దాటిన మనిషి.

ఫ్లైఓవర్ దిగాక ఫోను ఎడమవైపు కాలనీలోకి తిరగమంది. మ్యాపులో మెయిన్ రోడ్డు ట్రాఫిక్‌తో ఎర్రగా ఉంది. కాలనీ దారి ఖాళీగా, నీలంగా ఉంది. ఏడు నిమిషాలు తక్కువ.

నాన్న కళ్లు తెరిచాడు. "కాలనీలోకి వద్దమ్మా. తవ్వేశారు. నిన్న సాయంత్రం చూశాను. మెయిన్ రోడ్డు మీదే పోనివ్వు."

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. "పెద్దాయన చెప్పినట్టు పోదమా మేడం?"

"వద్దు. మ్యాప్ చూపించినట్టే పోనివ్వండి."

"తవ్వేశారే..." అని నాన్న చెయ్యెత్తాడు. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. "అబ్బా, కాసేపు నోరు మూసుకుని పడుకో నాన్నా!" అన్నాను. భయంతో అన్నాను. అయినా అన్నది అన్నదే.

రెండు మలుపులు తిరిగాక రోడ్డుకడ్డంగా నిలువులోతు గొయ్యి, పక్కన పైపుల గుట్ట. వెనక్కి తిప్పుదామంటే అప్పటికే మా వెనక రెండు కార్లు వచ్చి ఆగాయి. వాళ్లూ ఫోను చూసి వచ్చినవాళ్లే. "జర రివర్స్ తియ్యుండ్రి అన్నా, బండ్ల పేషెంట్ ఉన్నడు!" అని డ్రైవరు దిగి అరుస్తున్నాడు. నాన్న తల కొంచెం ఎత్తి ముందు అద్దంలోంచి ఆ గొయ్యిని చూశాడు. చెప్పానా అంటాడేమోనని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. తల మళ్లీ నా ఒళ్లోకి వాల్చేశాడు. నేను నోరు మూసుకోమన్నాను కదా, మళ్లీ తెరవలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, "ఇంకొంచెం ముందు తీసుకొచ్చి ఉంటే..." అని అనలేదు. నేనూ అడగలేదు. ఆ జవాబు వినే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

నాన్న దినకార్యాలన్నీ అయ్యాక ఆఫీసుకు వెళ్లాను. కొత్తగా ఇద్దరమ్మాయిలు చేరారు. వాళ్లకి మొదటి పాఠం చెప్పాల్సింది నేనే, ఐదేళ్లుగా నేనే చెబుతున్నాను. బళ్లు తిరగని రోడ్డు మ్యాపుకి ఖాళీ రోడ్డులానే కనిపిస్తుంది, అది మూసేసిన రోడ్డు కావచ్చు, అక్కడికి వెళ్లి కళ్లతో చూసిన మనిషి చెబితే తప్ప మనకి తెలియదు. ఇంతే ఆ పాఠం. సగం చెప్పి బాత్రూములోకి వెళ్లిపోయాను. నాకు తెలియక కాదు. లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. అదే నన్ను తినేస్తోంది.

అమ్మ చాలా రోజులు ఏమీ అడగలేదు. మొన్నొక మధ్యాహ్నం బాల్కనీలో బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆ రోజు కారులో ఆయన ఏమైనా అన్నారా?"

"అన్నాడమ్మా. ఎటు వెళ్లాలో దారి చెప్పాడు."

అమ్మ మొహం విప్పారింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి. "అప్పుడు కూడానా! ఓరి దేవుడా, ఏం మనిషో..." అని, ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కసురుకోలేదు కదా?"

"లేదమ్మా. నాన్న చెప్పిన దారినే వెళ్లాం."

అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "పోనీలేమ్మా," అంది, "నువ్వు మాట విన్నావన్న తృప్తయినా దక్కింది ఆయనకి."