దీపం బురుజు కింద ఒడిబియ్యం

ఇప్పటి పిల్లలు పెళ్లైన వారానికే ఇద్దరే ఎక్కడికో పోయి ఫొటోలు పంపిస్తుంటే నేను సంతోషంగానే చూస్తాను, కాస్త ఉడుక్కుంటాను కూడా. ఆ రోజుల్లో, అంటే అరవైల్లో, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం నీడన కాపురాలు చేసుకునే మాకు మొగుడూ పెళ్లాం ఇద్దరే బయటికి పోయే అదృష్టం ఒక్కటే: పుట్టింటికి పోవడం, మళ్లీ రావడం. ఇంకెక్కడికి పోయినా అత్తమ్మ, ఆడబిడ్డ, ఆడబిడ్డ పిల్లలు, వాళ్ల సద్దిమూటలు వెంట ఉండాల్సిందే. అందుకేనేమో, పుట్టింటి దారిలో బస్సు కిటికీలోంచి కనబడి మాయమయ్యే దీపం బురుజు మీద నాకంత మోజు కలిగింది.

నిజామాబాదు నుంచి బోధన్ వచ్చే దారిలో, మేం సాగరు అని పిలిచే పెద్ద చెరువు ఒడ్డున, నిజాం కాలంలో కట్టిన రాతి బురుజు అది. సాయంత్రాలు పడవల్లో షికారుకు పోయిన దొరలకు ఒడ్డు ఎటుందో తెలియడానికి దాని కొన మీద పెద్ద లాంతరు వెలిగించేవారట. మా నాటికి దొరలూ లేరు, లాంతరూ లేదు. చుట్టూ గులాబీ మళ్లు, సిమెంటు బెంచీలతో తోట మాత్రం ఉండేది. లోపలి నుంచి చుట్లు తిరిగిన ఇరుకు మెట్లు ఉండేవి. ఫ్యాక్టరీలో చెరుకు బండ్ల తూకం రాసే మా ఆయన, పెళ్లికి ముందు దోస్తులతో రెండుసార్లు ఎక్కాడు. ఆ ముచ్చట నాకు ఇరవైసార్లు చెప్పాడు.

పెళ్లైన మొదటి ఏడు, చెరుకు కోతల కాలంలో, మా అవ్వా బాపూ, అంటే అమ్మా నాన్నా, ధర్పల్లిలో నాకు ఒడిబియ్యం పోశారు. (తెలియని వాళ్ల కోసం: పెళ్లైన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు చీర కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, పసుపుకొమ్ములు పోసి నడుముకు ముడివేసి పంపుతారు. వాటిని అత్తగారింట్లో వండి వాడకట్టుకంతా పెట్టాలి.) మా ఇంట్లో పట్టింపు ఇంకో మెట్టు ఎక్కువ. "బిడ్డా, నడుమ ముడి ఇప్పకు. కింద వెట్టకు. మీ అత్తగారింట్ల దేవుని ముందటనే ఒడి దించాలె. లేకుంటే మంచిగుండది" అని అవ్వ బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది. అయిదు సేర్ల బియ్యం పొట్టకు కట్టుకుని, బస్సులో నలుగురూ చూస్తారని పైనుంచి శాలువా కప్పుకుని, నేను బుద్ధిమంతురాలిగా తల ఊపాను.

సాగరు దగ్గర బస్సు ఆగగానే మా ఆయన నా చెవిలో గుసగుసగా అన్నాడు: "దిగుదామా? ఇంకో బస్సు గంటకు ఉన్నది. ఎవ్వలు సూస్తరు?" ఆయన నోట అంత ధైర్యమైన మాట నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. అడుగు కింద పెట్టేదాకా నాకు అవ్వ మాటే గుర్తు రాలేదు.

బురుజు తలుపు దగ్గర నాందేడ్ వైపు నుంచి వచ్చిన ముసలి చౌకీదారు ఉన్నాడు. కొలువుకు కొత్త, మన ఆచారాలు తెలియవు. నన్ను, శాలువా కింద నా ముందున్న ఎత్తును చూసి, చేతికర్ర అడ్డం పెట్టాడు. "ఠైరో బేటీ! నిండు మనిషివి, గిన్ని మెట్లెక్కుతవా?" తర్వాత మా ఆయన వైపు తిరిగి, "సాబ్, నీకు అకల్ లేదా? మొదటి కాన్పా?" అన్నాడు. మా ఆయన ముఖం ఎర్రబడింది. పెళ్లై నాలుగు నెలలు కాలేదు! చౌకీదారు తన కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టాడు, కుండలో నీళ్లిచ్చాడు, పుల్లటివి తినాలనిపిస్తుంది కదా అని రెండు చింతకాయలు నా చేతిలో పెట్టాడు. (తిన్నాను. మంచిగున్నాయి.)

సిగ్గు చంపుకుని శాలువా తీసి చూపించాను. "గివి బియ్యం, చాచా. మా అవ్వగారు పోసిండ్రు." ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. కానీ కర్ర తీయలేదు. "బియ్యమైతేంది, బిడ్డైతేంది? బరువు బరువే. లోపల ఇరుకు. కింద వెట్టి ఎక్కు."

కింద పెట్టకూడదు. పరాయివాళ్ల చేతికి ఇవ్వకూడదు. మర్నాటికి అత్తమ్మ వాడకట్టునంతా భోజనానికి పిలిచింది. నా కాపురం మంచీ చెడూ ఆ ముడిలోనే ఉందని అవ్వ నమ్మకం, కొంచెం నాదీనూ. బురుజు వైపు చూశాను, ముడి వైపు చూశాను. పంతొమ్మిదేళ్ల వయసులో అంత పెద్ద ఆలోచన నేనెప్పుడూ చేయలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోదాం తియ్యిండ్రి" అన్నాను.

మా ఆయన, బాపు పెట్టిన కొత్త కండువా భుజం మీంచి తీసి, నడుముకు ముందు వైపు ఒడిలా కట్టుకుని, రెండు అంచులూ పట్టుకుని నిలబడ్డాడు. "పొయ్యి. నేను గిన పరాయోన్నా? నువ్వు వొయ్యి సూసిరా. నేనెట్లా సూసిన్నే గదా."

ముడి విప్పాను, దేవుడికి దండం పెట్టుకుని పోశాను. అయిదారు గింజలు రాలితే ఆయన ఏరి నోట్లో వేసుకున్నాడు. చౌకీదారు ఎంతో మర్యాదగా, "ఇగ నువ్వు కూసో సాబ్" అని అదే కుర్చీలో ఆయనను కూర్చోబెట్టి, ఇంకో చింతకాయ ఆయనకిచ్చాడు.

నేను ఎక్కాను. చాలాసేపు పైనే ఉన్నాను. మేము ఎక్కాల్సిన బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోవడం కూడా పైనుంచే చూశాను. అందులో కిటికీ పక్కన మా వాడకట్టు టప్పా అక్క ఉందని మాత్రం చూడలేదు. (టప్పా అంటే తపాలా; దానికంటే ముందు కబురు చేరవేస్తుందని ఆమెకు ఆ పేరు.) ఒళ్లో పసుపు బియ్యం మూటతో, చేతిలో చింతకాయతో కూర్చున్న తూకం గుమాస్తాను ఆమె తీరిగ్గా చూసింది.

మేము ఆ తర్వాతి బస్సులో ఇల్లు చేరేసరికి టప్పా అక్క మా అరుగు మీద కూర్చుని ఉంది. బియ్యం మళ్లీ నా కొంగులోకి వచ్చేశాయి కానీ, నా ముఖం చూసే అత్తమ్మ అడిగింది: "ముడి ఇప్పినవా?"

"ఇప్పిన, అత్తమ్మా."

"కింద వెట్టినవా?"

"లేదు. ఆయన ఒళ్లె పోసిన."

"మొగోని ఒళ్లె ఒడిబియ్యమా! యాడన్న ఉన్నదా తల్లీ!" అని టప్పా అక్క ముక్కు మీద వేలేసుకుంది. అత్తమ్మ మూట వైపు చూసి, నిదానంగా అంది: "వాడు నా ఒళ్లె పెరిగినోడే గదా. గా బియ్యం యాడ తిరిగొస్తేంది, నా ఇంటికే అచ్చినయి. రేపు బువ్వకు రా పో." టప్పా అక్క లేచింది. నేను దేవుని ముందు ఒడి దించి, అక్కడే కూలబడి ఏడ్చాను, సంతోషంతోనే.

సాయంత్రం పొయ్యి దగ్గర బియ్యంలోంచి కుడుకలు ఏరుతూ అత్తమ్మ, నా వైపు చూడకుండానే అడిగింది: "మీదికెల్లి ఏం కనవడ్డది?" చెప్పాను: సాగరు నీళ్లు, చెరుకు తోటలు, దూరంగా మన పొగగొట్టం. "ముప్పై ఏండ్లాయె గా తొవ్వల తిరుగవట్టి. ఒక్కనాడన్న దిగలె" అందామె. ఆ ఎండాకాలంలో అందరం బురుజుకు పోయాం, ఆడబిడ్డ పిల్లలూ సద్దిమూటలతో సహా. అత్తమ్మ ప్రతి చుట్టుకూ కూర్చుంటూ, ఆయాసపడుతూ కొనదాకా ఎక్కింది. నేను కింద మూటలకు కావలి ఉన్నాను.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. ఇప్పుడు నా మోకాళ్లు గడప దాటడానికే అలిగే వయసులో చెబితే తప్పులేదు. అంత ఆలోచించి, ముడి విప్పి, అవ్వ మాట జవదాటి ఎక్కిన ఆ పిల్ల సాగరును సరిగా చూడనేలేదు. ఆ నీళ్లు ఎంత దూరం ఉంటాయని అడిగితే ఈనాటికీ చెప్పలేను. గోడ మీంచి వంగి, కింద కుర్చీలో రెండు చేతులతో ఒడి పట్టుకుని, గాలికి ఒక్క గింజ పడకుండా కదలక మెదలక కూర్చున్న ఆయననే చూస్తూ ఉండిపోయాను.