గిటారు మెడకు ఇసుక సంచి

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున్నే భవానీపురంలో, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "కాసేపు నడుం వాలుస్తానే" అని మా తమ్ముడి భార్యతో చెప్పి పడుకుంది. మళ్ళీ లేవలేదు. తమ్ముడు ఫోన్ చేసి ఏడుస్తుంటే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "తిన్నగా పడుకుందా, పక్కకి ఒరిగిందా?" వాడు ఏడుపాపి, "తిన్నగానే అక్కా, స్కేలు పెట్టి గీసినట్టు" అన్నాడు. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళకి ఈ ప్రశ్న వింతగా అనిపించదు. ఎరగనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఆవిడ నర్సు. ఉద్యోగమంతా ఎముకల వార్డులోనే గడిచింది. ఆ వార్డు అలవాట్లన్నీ ఇంటికి మోసుకొచ్చేది. మనిషి ఎదురుపడగానే మొహం చూడదు, నడక చూస్తుంది. కుశల ప్రశ్నల కన్నా ముందు, "నీ ఎడమ చెప్పు బయటివైపే అరిగిపోతోంది, చూసుకున్నావా?" అంటుంది. ఒకసారి బంధువుల పెళ్ళిలో పెళ్ళికొడుకు రెండడుగులు వేశాడో లేదో, "చిన్నప్పుడు కుడికాలు విరిగింది, కట్టు సరిగ్గా కట్టలేదు" అని పైకే అనేసింది. పెళ్ళివారు ముఖాలు మాడ్చుకున్నారు. ఆ తర్వాత పెళ్ళికొడుకు తల్లే పక్కకి పిలిచి, ఇప్పుడేమైనా చెయ్యొచ్చా అని అడిగింది. ఎవరైనా జబ్బుపడ్డ మనిషిని చూసి "పాపం" అంటే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండేది. "పాపం కాదమ్మా, పిండికట్టు కావాలి!" అని కసిరేది.

ఇలాంటి మనిషి చేతిలో నా గిటారు పడ్డ కథ చెప్పకుండా ఉండలేను.

డెబ్బయ్యో దశకం అది. మా నాన్న మద్రాసు నుంచి ఒక ఎలక్ట్రిక్ గిటారు తెచ్చారు. హోటల్లో వాయించే ఎవరో బ్యాండు మానేస్తూ అమ్మేసిన జపాన్ గిటారు. అప్పటికే పాతది. ఇప్పుడు అలాంటివాటిని వింటేజ్ అని నెత్తిన పెట్టుకుంటున్నారు గానీ, మాకు అప్పుడది రంగు కొంచెం పోయిన గిటారు, అంతే. అయినా ఊళ్ళో అలాంటివి ఎన్నని! చర్చిలో క్వయర్ వెనకాల కూర్చుని వాయించడం నేర్చుకున్నాను. తర్వాత ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. చీర కట్టుకుని భుజాన ఎలక్ట్రిక్ గిటారు వేసుకున్న ఆడపిల్ల అంటే జనం పాట మానేసి నన్నే చూసేవాళ్ళు. నాకది మహా ఇష్టంగా ఉండేది, దాచుకోవడం ఎందుకు?

మా ఆర్కెస్ట్రా మాస్టారు హార్మోనియం మనిషి. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. గాయని ఏ శ్రుతిలో పాడితే ఆ శ్రుతికి గిటారు తీగలు బిగించాలి. తంబూరాకి బిగించమా, వీణకి బిగించమా, దీనికి మాత్రం ఏం వచ్చిందని ఆయన వాదన. మాకెవ్వరికీ అనుమానం రాలేదు. మా గాయనిది బాగా ఎత్తు శ్రుతి. దాంతో ఆర్నెల్ల పాటు ఆ ఆరు తీగలూ తెగడానికి సిద్ధంగా ఉన్నంత బిగువుగా ఉండేవి. ప్రోగ్రాం అయ్యాక వదులు చెయ్యాలని కూడా తెలీదు. గిటారు ఉండేదేమో మా మేడ మీద రేకుల గదిలో. రోహిణీ కార్తెలో ఆ గదిలో అప్పడాలు వేయించుకోవచ్చు.

వానలు వెళ్ళేసరికి గిటారు మెడ వంగిపోయింది. మధ్యలో తీగకీ చెక్కకీ నడుమ నా చిటికెన వేలు దూరేది. నొక్కి నొక్కి వేళ్ళు కాయలు కాచాయి. అది సరే, అంత దూరం నొక్కితే తీగ సాగి స్వరం ఎక్కువ పలికేది. పై మెట్లకి వెళ్ళేకొద్దీ అపశ్రుతే. ఒకరోజు రిహార్సల్లో మాస్టారు హార్మోనియం ఆపేశారు.

"ఏమ్మా, ఉయ్యూరు ప్రోగ్రాంలో ఆ పాట మధ్య గిటారు ఒక్కటే పలకాలి. తెలుసుగా? ఇలా అయితే కుదరదు. ఏలూరు కుర్రాడొకడు ఉన్నాడు, వాణ్ణి పిలిపిస్తాను. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకు అంటే ఎలా? ఆ స్థానం పోతే మళ్ళీ రాదు. ఇంకో గిటారు కొనే తాహతు మాకు లేదు. పైగా ఇంట్లో అమ్మ ఎప్పటినుంచో కాచుకుని ఉంది, ఈ వంకతో నన్ను కుట్టుమిషను ముందు కూర్చోబెడదామని. తబలా అతను మంచి మనసుతోనే, "వేడినీళ్ళ గుడ్డ చుట్టి మోకాలికేసి ఒక్క నొక్కు నొక్కుదాం, దారికొస్తుంది" అన్నాడు. నేను నిజంగానే సరే అనబోయాను.

ఆ సాయంత్రం అత్త డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. నేను ఏడుస్తుంటే నా మొహం వైపు చూడను కూడా చూడలేదు. గిటారెత్తి, తుపాకీ గురిపెట్టినట్టు భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి మెడ వెంట చూసింది.

"అబ్బ! ఎంత చక్కగా వంగిందే ఇది!" అంది. సంతోషంగా!

"అత్తా, విరుస్తామంటున్నారు దీన్ని."

"ఎవడు విరిచేది? వేళ్ళు విరుస్తా. ఒసే, వంకర దాని తప్పు కాదే. ఎంత బరువు మోసిందో చెబుతోంది, అంతే. ముందు ఆ తీగలు వదులు చెయ్యి."

తర్వాత మెడనంతా వేలితో తడిమింది. వెనక లేతరంగు కర్ర, దాని మీద జిగురుతో బిగించిన నల్లటి పలక, పలక మీద మెట్లు. చివర, తీగలు చుట్టే బిరడాల కింద, చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. అది కంపెనీవాడి సోకు అని మేమంతా అనుకునేవాళ్ళం. అత్త దాని మరలు విప్పింది. కింద సన్నటి గుంట, ఆ గుంటలో దుమ్ము పట్టిన నట్టు ఒకటి. ఆ నట్టు ఒక ఇనుప కడ్డీ కొసన ఉంది. ఆ కడ్డీ మెడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. "రాడ్డే! లోపల రాడ్డు వేశాడే! మా వార్డులో తొడ ఎముకలో వేస్తారు చూడు, అచ్చం అదే! ఎవడే వీడు, ఎముకల డాక్టరా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి, "వదినా, మీరు కూడా దానికి తోడయ్యారా?" అంది.

"నువ్వుండమ్మాయ్! ఇక్కడ ఆపరేషన్ జరుగుతోంది. ఆ మినప్పప్పు డబ్బా ఇలా తే."

ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. మర్నాడు సెలవు పెట్టి వచ్చింది, చంకలో వార్డు ఇసుక సంచి. కాలు విరిగినవాళ్ళకి మంచం చివర కప్పీ మీదుగా వేలాడదీస్తారే, అది. గిటారుని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. మెడ నడుము కింద తువ్వాలు చుట్ట పెట్టింది. తల భాగం బల్ల అంచు దాటి గాల్లో ఉంది. దానికి మెత్తటి గుడ్డ చుట్టి ఇసుక సంచి కట్టింది. ఒళ్ళు పైకి లేవకుండా దాని మీద మినప్పప్పు డబ్బా. ఇప్పుడు ఆ మెడ వంగిన వైపుకి ఎదురుగా నెమ్మదిగా సాగుతోంది. వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో ఆగి, "ఏమైందండీ దీనికి?" అని అడగడమే. అత్త గంభీరంగా, "బెడ్ రెస్ట్" అనేది.

నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నూనె పోస్తే చెక్క పీల్చుకుంటుంది. అత్త గాజు సిరంజీలోకి కుట్టుమిషను నూనె ఎక్కించి, సూదితో ఒకే ఒక్క చుక్క నట్టు మరల్లోకి వదిలింది. ఆటోనగర్లో తనకు తెలిసిన మెకానిక్ చేత ఆ నట్టుకి సరిపడేలా సన్నటి గొట్టం పానా చేయించి తెచ్చింది. ఆ మెకానిక్ భుజం ఒకప్పుడు ఆవిడ వార్డులోనే బాగుపడిందట. ఆటోనగర్లో సగం భుజాలు ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే.

"ఇప్పుడు నువ్వే తిప్పు" అని పానా నా చేతిలో పెట్టింది.

"నేనా? విరిగితే?"

"నీ గిటారు. పావు చుట్టు. చాలు."

తిప్పాను. కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టాను. లోపలినుంచి "టిక్" మని చప్పుడు. చేతిలోంచి పానా జారింది. ఆ క్షణాన కుట్టుమిషను, ఏలూరు కుర్రాడు, అమ్మ మొహం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అత్త మాత్రం చెవి చెక్కకి ఆనించి వింటోంది.

"ఊపిరి తీసుకో పిల్లా. తుప్పు వదిలింది, అంతే. విరిగితే ఇలా అనదు. విరిగిన చప్పుడు నాకు తెలుసు."

రోజూ కొంచెం అలా బరువు కట్టడం, బరువు ఉండగానే నట్టుని పావు చుట్టు తిప్పడం, వదిలెయ్యడం. నాకు తొందర. ఒక్కసారే నాలుగు చుట్లు తిప్పేద్దాం అన్నాను. ఆవిడ నెత్తి మీద మొట్టింది. "రాడ్డు బరువెత్తదే! మనం ఎత్తి పెడితే, నిలబెడుతుంది. కర్రని లేపే పని దానికి అప్పజెప్పావా, పుటుక్కుమంటుంది."

ఈ మాట తర్వాత మా ఇంట్లో సామెత అయిపోయింది. తమ్ముడు ఇంటరు తప్పినప్పుడు నాన్న కోపంగా, మంచి ట్యూషన్ మాస్టార్ని పెడతానంటే, అత్త అంది: "ముందు నువ్వు వాడి పక్కన కూర్చుని ఇంత అన్నం తినిపించు. తరవాత మాస్టార్ని పెట్టు. రాడ్డు బరువెత్తదు." నాన్న కంచం తెచ్చుకుని వాడి పక్కన కూర్చున్నారు. నా సంసారంలోనూ ఆ మాట ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో. ఎవరికైనా సలహా చెప్పబోతే, ముందు నా చెయ్యి వేశానా అని చూసుకుంటాను.

వారం తిరిగేసరికి మెడ దారికొచ్చింది. పూర్తి తిన్నగా కాదు. ఆవిడే వద్దంది. తీగ ఊగడానికి వెంట్రుకంత వాటం ఉండాలట. "వెన్నెముక్కైనా అంతే, కర్రలా ఉంటే కూర్చోలేం" అంది. ఈసారి తీగలు మామూలు బిగువుకే ఎక్కించి వాయించాను. పై మెట్ల మీద కూడా స్వరం స్వరంలా పలికింది. ఆ గది చుట్టూ ఇద్దరం గంతులేశాం. అమ్మ డబ్బా తీసుకెళ్ళి మినప్పప్పు నానబోసింది.

ప్రోగ్రాం రోజు ఉయ్యూరు బస్సు నిండా జనం. రోడ్డు మీద చెరుకు బళ్ళు, ఊళ్ళోకి వెళ్ళేసరికి ఫ్యాక్టరీ నుంచి బెల్లప్పాకం వాసన. స్టేజి ఎక్కాం. తెర వెనకాల గాయని గొంతు సవరించుకుని, "ఇవాళ గొంతు బాగుందండీ మాస్టారూ, ఇంకో అర శ్రుతి పెంచుదాం" అంది. మాస్టారు నావైపు తిరిగి, "అమ్మాయ్, తీగలు బిగించు" అన్నారు.

నా చేతులు బిరడాల దాకా వెళ్ళాయి. అక్కడే ఆగాయి. ఆ మెడ బల్ల మీద వారం రోజులు పడుకున్న తీరు గుర్తొచ్చింది.

"బిగించనండీ" అన్నాను.

ఆయన హార్మోనియం మీదినుంచి తలెత్తారు. "ఏంటీ?"

"బిగిస్తే మళ్ళీ వంగుతుందండీ. శ్రుతి నేను కలుపుతాను. తీగలు మాత్రం లాగను."

పొద్దున బస్సెక్కేటప్పుడు అత్త నా సంచిలో విరిగిన వేలికి కట్టే బద్ద ఒకటీ, సైకిల్ ట్యూబు ముక్క ఒకటీ పడేసింది. వేలు పెట్టే బదులు బద్ద పెట్టి కట్టు, ఎంత పైకి జరిపితే అంత శ్రుతి అని చెప్పింది. ఆ బద్దని మెట్టు వెనకాల తీగల మీద అడ్డంగా పెట్టి, ట్యూబుతో బిగించి కట్టాను. తబలా అతను ఫక్కున నవ్వాడు. మాస్టారి మొహం చూస్తే ఏలూరు బస్సుకి టికెట్టు కొంటున్నట్టే ఉంది. ఆయన హార్మోనియం మెట్టు నొక్కారు, నేను తీగ మీటాను. రెండూ ఒకటే పలికాయి. తెర లేచింది.

పాట సగానికి వచ్చింది. అందరూ ఆపేశారు. నేనొక్కదాన్నే మిగిలాను. కింది మెట్ల నుంచి మొదలుపెట్టి పైకి, ఇంకా పైకి ఎక్కుతున్నాను. ఇదివరకు నన్ను నట్టేట ముంచిన ఆ చివరి స్వరం దగ్గరికి వచ్చేశాను. కళ్ళు మూసుకుని నొక్కాను. అది వంక లేకుండా, తేటగా, హాలు చివరిదాకా వెళ్ళింది. వేలు తియ్యబుద్ధి కాలేదు. నా బతుకులో అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

అప్పుడు వినపడింది ఆ కేక.

"అతికిందే! అతికింది!"

కళ్ళు తెరిచాను. పిండికట్టు కోసి, ఎముక కలిసిపోయిందని చూసినప్పుడు వార్డంతా అదిరేలా ఆవిడ అరిచే మాట అది. పాట నడుస్తోందన్న ధ్యాస లేదు, జనమన్న జంకు లేదు. ఉయ్యూరు ఊరంతా కుర్చీల్లో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తుంటే, వాళ్ళ మధ్య, డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కి వచ్చినట్టుంది, ఆ నర్సు తెల్లచీరలోనే మా మేనత్త ఒక్కతే నిలబడి ఉంది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, సగం నమిలిన చెరుకుగడ ఒకటి తల మీదికెత్తి పట్టుకుని ఊపుతోంది.