టైగర్ ఎడమ చెవి మీది మార్కా

నా చిన్నప్పుడు ఒక అబద్ధాన్ని నోటితో కాదు, వేలితో ఆడాను. మా కుక్క చెవి వెనక రూపాయి బిళ్ళంత రంగు అద్ది, ఇంట్లోవాళ్ళు చూసి నమ్మేదాకా ఏమీ ఎరగనట్టు పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు నా జుట్టు సగం తెల్లబడింది. చిన్నతనం కదా అని ఆ పనిని క్షమించేసుకుందామని చాలాసార్లు అనుకున్నాను గానీ, ఎప్పుడూ కుదరలేదు.

మాది మండపేట దగ్గర ఊరు. నాన్నగారు రైసు మిల్లులో బస్తాల మీద మార్కా వేసేవారు. అక్షరాలు కత్తిరించిన రేకును గోనె మీద పెట్టి, ఊదా రంగు ముంచిన కుంచెతో పూస్తే మిల్లు పేరు పడేది. మిగిలిన రంగు ఒక చిన్న డబ్బాలో మా వసారా గూట్లో ఎప్పుడూ ఉండేది. అది అంటుకుంటే సబ్బుకు పోదు, ఎండకు పోదు. నాన్నగారి గోళ్ళు ఊదాగా లేని రోజు నాకు గుర్తులేదు.

ఇంట్లో ప్రాణమున్న వాటన్నిటి బాగోగులూ మా మామ్మవి. ఆవిడకు అక్షరం రాదు. అయినా తొలకరికి ముందు గేదెకు గొంతువాపు టీకా, కోళ్ళకు కొక్కెర తెగులు టీకా, ఏడాదికోసారి కుక్కకు రేబిస్ టీకా, ఏదీ తప్పేది కాదు. జబ్బు చేశాక ఎవరైనా పరిగెడతారు, బాగున్నప్పుడే నడిచి వెళ్ళాలి అనేది. మా కుక్క పేరు టైగర్. పేరుకే. కోడిపెట్ట ఎదురొస్తే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. కానీ నేను స్కూలు నుంచి వచ్చే వేళకు కాలవ వంతెన దాకా వచ్చి కూర్చునేది. ఆ వయసులో నాకోసం అంతగా ఎదురుచూసిన ప్రాణి ఇంకొకటి లేదు.

టీకా వేసే రోజున పక్క ఊరి పశువుల ఆసుపత్రి ముందు కుక్కలూ వాటిని పట్టుకున్న మనుషులూ వరసకట్టేవారు. కాంపౌండరు గారు ముందు నోరు తెరిచి పళ్ళు చూసేవారు, చెవులు తిప్పి పిడుదులు ఏరేవారు, బెల్లం ముక్కలో పెట్టి నులిపురుగుల మాత్ర మింగించేవారు. ఆ తరవాతే సూది. అది కూడా అయ్యాక ఎడమ చెవి వెనక దూదితో ఊదారంగు మందు అద్దేవారు. వేసినవాటికే మళ్ళీ వెయ్యకుండా అది గుర్తు. ఆ మచ్చ ఉన్న కుక్కంటే ఊళ్ళో ఎవరికీ భయం ఉండేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు మామ్మకు మోకాళ్ళ నొప్పులు. టైగర్ని నన్ను తీసుకెళ్ళమంది. గొలుసు పట్టుకుని కాలవ గట్టు మీద బయల్దేరాను. సగం దారిలో హైస్కూలు గ్రౌండు దగ్గర మావాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. ఒక మనిషి తక్కువయ్యాడు, రమ్మన్నారు. కిందటేడు సూది పొడిచినప్పుడు టైగర్ ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. పాపం, ఈ ఒక్క ఏడూ తప్పిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. జాలి అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది జాలి కాదు, క్రికెట్టు. టైగర్ని తుమ్మచెట్టుకు కట్టేసి పొద్దు వాలేదాకా ఆడాను. ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా మార్కా డబ్బాలో వేలు ముంచి దాని ఎడమ చెవి వెనక అద్దాను. అది నా చెయ్యి నాకింది.

మామ్మ చెవి తిప్పి చూసి, "ఏడ్చిందా?" అని అడిగింది. "కొంచెం," అన్నాను.

రెండు వారాలు గడవకుండా ఊళ్ళోకి పిచ్చికుక్క వచ్చింది. మిల్లు కూలీలు దాన్ని కొట్టి చంపేలోపు మా వీధిలో రెండు కుక్కల్ని కరిచింది. ఒకటి వీధి చివరింటివాళ్ళది. దాని చెవి వెనక మచ్చ లేదు. ఆ ఇంటాయన ఆ సాయంత్రమే దాన్ని కాలవ అవతలికి తీసుకెళ్ళి ఒక్కడే తిరిగొచ్చాడు. రెండోది మా టైగర్. నాన్నగారు చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, సబ్బుతో దాని భుజం మీది గాయం చాలాసేపు కడిగారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా, "టీకా పడిందిగా, ఇంక ఫర్లేదండి," అని వెళ్ళిపోయారు. నేను నోరు విప్పలేదు. రంగు పూసినదానికన్నా ఆ సాయంత్రం ఊరుకున్నదే నాకు ఇప్పటికీ పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్న పక్కింటి పాప రోజూలాగే పెసరట్టు ముక్క పట్టుకుని వచ్చింది. నాలుగేళ్ళుంటాయి. ముక్కను టైగర్ నోట్లో పెట్టి, అది నమిలేదాకా పళ్ళ మీంచి వేళ్ళు తీసేది కాదు, అదొక ఆట. ఆ చిన్న చెయ్యి దాని నోటి దగ్గరకు వెళ్తుంటే నా గొంతు దానంతటదే తెరుచుకుంది. పాపను పక్కకు లాగేసి, బియ్యం చెరుగుతున్న మామ్మకు మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

మామ్మ చేట కింద పెట్టింది. చీర కొంగు తడిపి టైగర్ చెవి వెనక రుద్దింది. పోలేదు. "గట్టి రంగే," అంది. అంతే. ఆవిడ కొట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

కాసేపటికి సంగతి తెలిసి పాప వాళ్ళ నాన్న కర్రతో వచ్చాడు. కోపంతో కాదు, భయంతో. "మామ్మగారూ, మా పిల్ల రోజూ దీని నోట్లో చెయ్యి పెడుతుందండి. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి," అన్నాడు.

"నీ చోట నేనున్నా కర్ర తీస్తాను నాయనా. డాక్టరు గారి దాకా ఆగు. ఆయన కాదంటే గొలుసు నేనే నీ చేతికిస్తాను."

ఆ మోకాళ్ళతోనే మామ్మ నా వెంట కాలవ గట్టు మీద నడిచింది. నేను టీకా మానేసిన దారి అదే. తుమ్మచెట్టు వచ్చినప్పుడు నేను తల ఎత్తలేదు. డాక్టరు గారు అంతా విని, ఇలాంటి కుక్కను ప్రాణాలతో ఉంచమని మామూలుగా ఏ డాక్టరూ చెప్పడని అన్నారు. ఉంచాలంటే నెల రోజుల్లో ఐదు సూదులు, ఆరు నెలలు ఒంటరిగా గొలుసు. ఎవరూ ముట్టుకోకూడదు. ఒక్క రోజు ఏమరినా ఇంక ఆయన చెయ్యగలిగేది లేదు. కాంపౌండరు గారు సూది వేస్తూ టైగర్ ఎడమ చెవి తిప్పి చూశారు. "ఈ మార్కా ఏ మిల్లుదండీ, అబ్బాయి గారూ?" అన్నారు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా అసలు మందును కుడి చెవి వెనక అద్దారు.

టైగర్ని పెరట్లో కొబ్బరి డొక్కల పాకలో కట్టేశాం. గొలుసు ఎంతదాకా సాగుతుందో చూసి, ఇంకో మూరెడు వదిలి, మామ్మ చుట్టూ ముగ్గుపిండితో గీత గీసింది. ముగ్గుపిండి ఉన్న కొబ్బరి చిప్ప నా చేతిలో పెట్టి, రేపటి నుంచి రోజూ పొద్దున్నే ఇది నీ పని అంది. "కుక్కకు ముగ్గు ఏం తెలుస్తుంది మామ్మా?" అన్నాను.

"దానికి గొలుసుందిరా. గీత నీకు."

ఆరు నెలలు గీశాను. వానకు కొట్టుకుపోతే మళ్ళీ గీశాను. స్నేహితులు గోడ మీంచి చూసి, "ఏరా, కళ్ళాపి కూడా నువ్వేనా?" అని ఏడిపించేవారు. అన్నం మూకుడును కర్రతో లోపలికి తోసేవాణ్ణి. స్కూలు నుంచి వస్తుంటే వంతెన మీద ఎవరూ ఉండేవారు కాదు. ఇంటికొచ్చి గీత ఇవతల కూర్చుని లెక్కలు చేసుకునేవాణ్ణి. మొదట్లో టైగర్ గొలుసు బిగిసేదాకా లాగి, మూతి నావైపు చాపి మూలిగేది. కొన్నాళ్ళకు లాగడం మానేసింది. ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని ఊరికే చూసేది. మా ఇద్దరి మధ్యా రెండు మూరలు కూడా లేవు. ఇన్నేళ్ళలో ఎన్నో ఊళ్ళు తిరిగాను గానీ, అంత దూరం నాకు మళ్ళీ ఎక్కడా ఎదురుపడలేదు.

గడువు తీరిన రోజు డాక్టరు గారే వచ్చి, అంతా చూసి, గొలుసు విప్పమన్నారు. ఆ పొద్దున మామ్మ నన్ను ముగ్గు వెయ్యనివ్వలేదు. టైగర్ లేచి, ఒళ్ళు విదుల్చుకుని నావైపు పరుగెత్తి వచ్చింది. గీత ఉండే చోటికి రాగానే ఆగిపోయింది. నేల మీద ఏమీ లేదు. అయినా దాటలేదు. పిలిచాను, చిటికె వేశాను. తోక ఊపింది గానీ అక్కడే నిలబడింది. నేనే దాటి వెళ్ళి దాని మెడ పట్టుకుని కూర్చున్నాను. ఎడమ చెవి వెనక నేను వేసిన మచ్చ కొద్దిగా ఇంకా ఉంది.

ఆ తరవాత టైగర్ చాలా ఏళ్ళే బతికింది. వంతెన మీదకు మళ్ళీ వచ్చేది. మామ్మ పోయిన ఏడాదే అదీ పోయింది. వరండాలో కూర్చున్నప్పుడు, ఆవిడ చేట చప్పుడూ దాని గొలుసు చప్పుడూ కలిసి ఒక్కసారి వినబడితే చాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

గొలుసు విప్పాక వచ్చిన మొదటి టీకా రోజున టైగర్తో పాటు, వీధి చివరింటివాళ్ళు కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్లనూ నేనే తీసుకెళ్ళాను. వాళ్ళు అడగలేదు, నేనే అడిగి గొలుసు తీసుకున్నాను. కుక్క మూతిని నొప్పి లేకుండా ఎలా పట్టుకోవాలో ఆ రోజే కాంపౌండరు గారి దగ్గర నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఏ ఊళ్ళో పని చేసినా, టీకాలు వేసే రోజున సెలవు పెట్టి, వీధిలో కుక్కల్నీ బుట్టల్లో పిల్లుల్నీ పోగేసుకుని వెళ్తాను. అక్కడ మందు అద్దే పని నన్ను చెయ్యనిమ్మని అడుగుతాను. సూది లోపలికి దిగడం నా కళ్ళతో చూశాకే దూది ముంచుతాను. ఇంటికొచ్చాక పది రోజులు నా బొటనవేలు ఊదాగానే ఉంటుంది. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది కదా అంటుంది మా ఆవిడ. నేను రుద్దను.