పెద్దనాయిన మైకులో పాడిన నా భజన

రాయచూరు బజార్లో మా పెద్దనాయినకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. సొంత పెద్దనాయిన కాదు. ఇడపనూరులో మా అమ్మా నాన్నా జబ్బుచేసి ఒకరి వెనక ఒకరు పోతే, నాన్నకు దూరపు వరసలో అన్న కాబట్టి చిన్నపిల్లనైన నన్ను తెచ్చి పెంచాడు. అన్నం పెట్టాడు, బడికి పంపాడు, అబద్ధం చెప్పకూడదు. ఆ సంగతి ఆయన కూడా ఎవరి దగ్గరా దాచలేదు.

టిఫిన్ డబ్బా కొనడానికి వచ్చినవాళ్లు మూత సరిగ్గా పడుతుందో లేదో చూసుకునే లోపల నా కథ వినాల్సిందే. తెలుగువాళ్లకు తెలుగులో, మిగతావాళ్లకు కన్నడంలోనో ఉర్దూలోనో. "అనాథ పిల్ల. మనం గాకుంటె ఎవరు సూస్తరు?" అనేవాడు. నేను పక్కన నిలబడి కథకు తగ్గ మొహం పెట్టాలి. ఒకసారి ఎందుకో నవ్వొచ్చింది. ఇంటికెళ్లాక పెద్దమ్మ కోప్పడింది. "గట్ల పండ్లు బయటబెట్టి నవ్వితె నిన్ను అనాథ అని ఎవరు నమ్ముతరే?"

శనివారాలు ఆంజనేయుడి గుళ్లో భజన. పెద్దనాయిన భజన మండలికి పెద్ద. ముందుగా వెళ్లి ఊడ్చి, చాపలు పరిచే పని నాది. ఆ కాసేపు గుళ్లో ఉండేది నేనూ, దేవుడూ ఇద్దరమే. నా కష్టాలన్నీ ఆయనకు చెప్పుకునేదాన్ని. ఆయన జవాబిచ్చేవాడు కాదు గానీ మాటకు అడ్డం వచ్చేవాడూ కాదు. పైగా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "నేనే లేకుంటే నీ గతేంది?" అనలేదు. నాకు భక్తి కుదరడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేకపోయింది.

చెప్పుకున్నవాటినే భజన వరసల్లో కట్టి, గిన్నెల మధ్య పెట్టే కాగితాల మీద రాయడం మొదలుపెట్టాను. ఒకరోజు ఒక కాగితం పెద్దనాయిన చేతికి చిక్కింది. దెబ్బలు పడతాయనుకున్నాను.

"ఏంది గిది? యాడికెల్లి ఎత్తి రాసినవ్?"

"నేనే రాసిన, పెద్దనాయినా."

నన్ను ఎగాదిగా చూశాడు. "మంచిగుంది. ఎవరికీ జెప్పకు."

తర్వాతి శనివారం ఆయన కవి అయ్యాడు. అంతవరకూ గిన్నెల మీద పేర్లు చెక్కించడం తప్ప వేరే సాహిత్య సేవ చేసి ఎరగడు. భజన ఆఖరి చరణంలో రాసినవాళ్ల పేరు ఉండటం మా మండలి రివాజు. అక్కడ నేను ఖాళీ వదిలితే, ఆయన తన పేరు కూర్చుకుని పాడేవాడు. పాటలు రాసేది నేను, శాలువాలు ఆయనకు.

ఊరవతల కరెంటు తయారుచేసే ఫ్యాక్టరీ కాలనీవాళ్లు హనుమజ్జయంతికి మా మండలిని పిలిచారు. మా వీధిలో కరెంటు వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. ఆ కాలనీలో మాత్రం వీధి దీపాలు పట్టపగలు కూడా వెలుగుతున్నాయి. దారిలో బస్సు కండక్టరుకు కూడా పెద్దనాయిన నా కథ వినిపించాడు. పాపం, ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది. బస్సు దిగాక ఓ పక్కకు వెళ్లి, దేవుడికి ఒక మాట చెప్పి, కొత్త పాటలో ఖాళీని నేనే నింపేశాను. దేవుడు వద్దనలేదు.

పెద్దనాయినకు ముందుగా చదివి చూసుకునే అలవాటు లేదు. అద్దాలు పెట్టుకుని, కాగితం చూస్తూ మైకులో గొంతెత్తాడు. ఆఖరి చరణం వచ్చింది.

"తల్లి లేని పిల్లనయ్యా, తండ్రి లేని పిల్లనయ్యా,
పెద్దనాయినింట్ల ఉన్న ఆడపిల్లనయ్యా!"

ఆయనకు బుర్ర మీసాలు, బొజ్జ. మండలివాళ్లు పాడినదాన్ని అలాగే తిరిగి పాడేవాళ్లే తప్ప అర్థం పట్టించుకునేవాళ్లు కాదు. తాళాలు గట్టిగా వాయిస్తూ, "ఆడపిల్లనయ్యా!" అని ముక్తకంఠంతో అందుకున్నారు. తాళం ఆగకపోతే ఆయనా ఆగలేకపోయాడు. ఇంకోసారి ఆడపిల్లనన్నాడు. కాలనీ అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

ఒక ఇంజనీరుగారి భార్య మాత్రం నవ్వకుండా ముందుకొచ్చింది. కోస్తావాళ్లు. "ఎవరు రాశారండీ ఇది?" అని అడిగింది. పెద్దనాయిన దగ్గి, "మా పిల్లనే. మేమే పెంచినం," అన్నాడు. ఆమె నన్ను పక్కకు పిలిచి, "ఇంకా ఉన్నాయా అమ్మా?" అంది. నా దగ్గర ఏదో ఉందనుకుని ఒకరు అడగడం నాకు అదే మొదలు. గట్టిగా తలూపాను.

"నలుగుట్ల నవ్వులపాలు జేస్తివి గదనే," అని పెద్దమ్మ ఏడ్చింది. పెద్దనాయిన చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. దుకాణంలో నా కథ కూడా ఆగింది. నా బాల్యంలో అంత ప్రశాంతమైన రోజులు మళ్లీ లేవు.

ఇంజనీరుగారి భార్య నాకు పత్రికలు ఇచ్చింది, అవి చదివి నేను రాసిన కథ ఒకటి తనే పోస్టు చేసింది. అది అచ్చయ్యాక దుకాణంలో కొత్త కథ మొదలైంది: "మా పిల్లనే. రాసుడు నేనే నేర్పిన." ఇప్పటికీ అదే చెబుతాడట. చెప్పుకోనీ.

మస్కిలో టీచరు ఉద్యోగం దొరికాక, అద్దె గదిలో తలుపేసుకుని మొదటిసారి రాసుకున్నాను. మధ్యలో ఎవరూ పిలవలేదు. ఆకలేస్తే లేచి, వండుకుని, ఎవరి దయా తలుచుకోకుండా తిన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది. అయినా రెండోసారి వడ్డించుకున్నాను.